హైదరాబాద్ ఎఫ్‌సీ: కప్పు కొట్టిన జట్టు.. మూడున్నరేళ్లకే ఊరు ఖాళీ చేసింది! అసలేం జరిగింది?

2022 మార్చి 20, ఆదివారం రాత్రి. గోవాలోని ఫటోర్డా స్టేడియం. పెనాల్టీ షూటౌట్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తింది. తెలుగు ఊరి పేరు పెట్టుకున్న జట్టు దేశంలోని టాప్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఛాంపియన్ కావడం అదే మొదటిసారి. కట్ చేస్తే.. 2025 అక్టోబర్‌లో ఆ జట్టు పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఊరు మారింది, పేరు మారింది, జెర్సీ రంగు కూడా మారింది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ఐఎస్ఎల్ జట్టు ఒక్కటి కూడా లేదు.

ఓడిపోయిన జట్టు కనుమరుగైందంటే అర్థం ఉంది. గెలిచిన జట్టు ఎలా పోయింది? ఈ ప్రశ్న ఒక్క హైదరాబాద్‌ వాళ్లదే కాదు. అనంతపురం, ధర్మవరం, పెనుకొండ, చెన్నేకొత్తపల్లి వైపు బూట్లు కట్టుకుని గ్రౌండ్‌కి పోయే పిల్లలది కూడా. రేపు బాగా ఆడితే ఎక్కడికి పోవాలి అన్నది వాళ్లకు అసలు సమస్య. అందుకే ఆ ఒక్క సీజన్‌ను, దాని తర్వాత జరిగిన కథను ఒకసారి మొదటి నుంచి చూద్దాం.

పుణె పోయింది.. హైదరాబాద్ వచ్చింది

అసలు హైదరాబాద్‌కు ఈ జట్టు వచ్చిన తీరులోనే కొంత కథ ఉంది. 2019 వరకు ఐఎస్ఎల్‌లో పుణె సిటీ అనే జట్టు ఉండేది. డబ్బు సమస్యలతో అది మూతపడింది. ఆ ఖాళీలో 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని యజమానులు. నటుడు రానా దగ్గుబాటి సహ యజమానిగా చేరడంతో మన సినిమా పేజీల్లో కూడా జట్టు పేరు కనిపించింది. హోం గ్రౌండ్ గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియం.

అదే నెలలో ఇంకో మార్పు కూడా జరిగింది. ఢిల్లీ డైనమోస్ అనే జట్టు ఢిల్లీ వదిలి భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే 2019లో ఢిల్లీ తన జట్టును పోగొట్టుకుంది. ఆరేళ్ల తర్వాత అదే ఢిల్లీకి హైదరాబాద్ జట్టు వెళ్లింది. మన దగ్గర జట్లు ఊళ్లు మారడం కొత్తేం కాదు, అప్పుడు మనకు లాభమైంది కాబట్టి పట్టించుకోలేదు అంతే.

తొలి సీజన్ 2019-20 మాత్రం దారుణం. 18 మ్యాచ్‌లు ఆడితే రెండే గెలుపులు. మొత్తం 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను మధ్యలోనే పంపేశారు. గచ్చిబౌలికి వచ్చిన జనం ఆ సీజన్‌లో ఎక్కువగా ఓటములే చూశారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

2020 ఆగస్టులో మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చారు. అప్పటికి ఇండియాలో ఆయన పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. (తర్వాత ఆయనే భారత జట్టుకు కోచ్ అయ్యారు.) పెద్ద పేర్ల వెంట పడకుండా కుర్రాళ్లను నమ్మారు. ఉత్తరప్రదేశ్ కుర్రాడు ఆకాశ్ మిశ్రా, సిక్కిం నుంచి ఆశిష్ రాయ్.. వీళ్లిద్దరూ రెండు వింగుల్లో డిఫెండర్లు. ఆయన వచ్చిన మొదటి సీజన్‌లోనే జట్టు 29 పాయింట్లతో ఐదో స్థానానికి ఎగబాకింది. 20 మ్యాచ్‌ల్లో ఓడింది మూడే.. కానీ 11 డ్రాలు. ప్లేఆఫ్స్ కొద్దిలో పోయాయి.

గోవాలో నాలుగు నెలలు

ఇక అసలు సీజన్, 2021-22. కరోనా కారణంగా లీగ్ మొత్తం గోవాలోనే పెట్టారు. ఫటోర్డా, బాంబోలిమ్, వాస్కో.. మూడే మూడు స్టేడియాలు. ఆటగాళ్లంతా హోటళ్లలో బయో బబుల్‌లో. స్టాండ్స్‌లో జనం లేరు. 11 జట్లు, ఒక్కొక్కరికి 20 మ్యాచ్‌లు.

హైదరాబాద్ మొదటి మ్యాచ్‌లోనే చెన్నయిన్ ఎఫ్‌సీ చేతిలో 0-1తో ఓడింది. మళ్లీ పాత కథేనా అనుకున్నారు. తర్వాతి మ్యాచ్‌లోనే అప్పటి డిఫెండింగ్ ఛాంపియన్ ముంబై సిటీని 3-1తో కొట్టేసరికి సీన్ మారింది.

ఆ సీజన్‌లో హైదరాబాద్ ఆటను ఒక్క పేరుతో చెప్పాలంటే అది బార్తొలొమ్యూ ఒగ్‌బెచె. నైజీరియా స్ట్రైకర్. వయసు 37. ఆ వయసులో చాలామంది కామెంటరీ బాక్సులో కూర్చుంటారు. ఈయన 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నారు. ఈస్ట్ బెంగాల్‌పై హ్యాట్రిక్ చేశారు, అదే సీజన్‌లో ఐఎస్ఎల్ చరిత్రలోనే అత్యధిక గోల్స్ వీరుడయ్యారు. పరుగు పెద్దగా ఉండదు, కానీ బంతి ఎక్కడ పడుతుందో ముందే తెలిసినట్టు అక్కడ నిలబడి ఉంటారు.

లీగ్ దశ ముగిసేసరికి హైదరాబాద్ 11 గెలుపులు, 5 డ్రాలు, 4 ఓటములతో 38 పాయింట్లు. రెండో స్థానం. 43 గోల్స్ కొట్టి 23 ఇచ్చింది. 43 పాయింట్లతో జంషెడ్‌పూర్ టాప్‌లో నిలిచి షీల్డ్ తీసుకుంది. ఇక్కడ చిన్న వివరణ. ఐఎస్ఎల్‌లో లీగ్ దశలో మొదటి స్థానానికి ఒక షీల్డ్, తర్వాత నాకౌట్ గెలిచినవాళ్లకు కప్పు. రెండూ వేర్వేరు. యూరప్ లీగుల్లో ఈ నాకౌట్ ఉండదు, పాయింట్లు ఎక్కువ వచ్చినవాడే ఛాంపియన్. ఆ లెక్కన హైదరాబాద్ రన్నరప్ అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ కప్పు రూల్ అందరికీ ముందే తెలుసు కదా!

సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్. తొలి లెగ్‌లో రాయ్ కృష్ణ గోల్‌తో వాళ్లే ముందు ఆధిక్యంలోకి వెళ్లారు. సరిగ్గా హాఫ్ టైమ్‌కు ముందు ఒగ్‌బెచె సమం చేశారు. రెండో సగంలో మహమ్మద్ యాసిర్, హవియెర్ సివెరియో చెరొకటి. 3-1. రెండో లెగ్ 0-1తో పోయినా మొత్తం మీద 3-2తో ఫైనల్ చేరింది.

కట్టిమణి కథ.. అదే గ్రౌండ్, అదే గోల్ పోస్ట్

ఫైనల్‌కు జనాన్ని అనుమతించారు. కేరళ నుంచి వేలల్లో వచ్చారు, స్టేడియం మొత్తం పసుపు పచ్చ. తమాషా ఏంటంటే హైదరాబాద్ రంగు కూడా పసుపే. పట్టికలో పైన ఉంది కాబట్టి హైదరాబాద్‌కే పసుపు జెర్సీ దక్కింది. కేరళ జట్టు నలుపు వేసుకుని ఆడాల్సి వచ్చింది. స్టాండ్స్‌లో పసుపంతా కేరళది, గ్రౌండ్‌లో పసుపు హైదరాబాద్‌ది.

68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్‌తో కేరళ ముందంజ. స్టేడియం ఊగిపోయింది. కేరళ అప్పటికే 2014, 2016 ఫైనల్స్‌లో ఓడింది, ఈసారి వదలరనే అనుకున్నారంతా. ఇంకో రెండు నిమిషాల్లో 90 పూర్తవుతాయనగా.. 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా బాక్స్ బయటి నుంచి గాల్లోనే కొట్టిన షాట్ నేరుగా వలలో. 1-1. ఎక్స్‌ట్రా టైమ్‌లో గోల్స్ లేవు. ఇక షూటౌట్.

ఇప్పుడు గోల్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి గురించి చెప్పాలి. గోవా కుర్రాడు. 2015లో ఇదే ఫటోర్డాలో ఐఎస్ఎల్ ఫైనల్ జరిగింది. గోవా, చెన్నయిన్ మధ్య. అప్పుడు కట్టిమణి సొంతూరి జట్టు గోవాకు కీపర్. గోవా 2-1తో ముందుంది, 90వ నిమిషం. కార్నర్ నుంచి వచ్చిన బంతి గజిబిజిలో ఆయన చేతుల మీదుగానే సొంత వలలోకి పోయింది. ఓన్ గోల్. రెండు నిమిషాల్లో చెన్నయిన్ ఇంకోటి కొట్టింది. చేతిలోకి వచ్చిన కప్పు పోయింది. సొంత జనం ముందు అలాంటి రాత్రి చూసిన కీపర్‌ను తర్వాత ఏళ్ల తరబడి అదే క్లిప్‌తో గుర్తుపెట్టుకుంటారు.

ఆరేళ్ల తర్వాత అదే మైదానంలో షూటౌట్. కేరళ మొదటి కిక్, మార్కో లెస్కోవిచ్.. కట్టిమణి ఆపేశారు. హైదరాబాద్ తరఫున జోవావ్ విక్టర్ గోల్. కేరళ రెండో కిక్, నిషు కుమార్.. మళ్లీ ఆపేశారు. కానీ కిక్ కంటే ముందే లైన్ దాటి కదిలారని రిఫరీ మళ్లీ కొట్టమన్నారు. సాధారణంగా ఇక్కడే కీపర్ గుండె జారుతుంది. నిషు మళ్లీ కొట్టారు.. కట్టిమణి మళ్లీ ఆపారు! తర్వాత హైదరాబాద్ నుంచి సివెరియో కొట్టింది బార్ మీదుగా పోయింది. ఆయుష్ అధికారి కేరళకు ఒకటి తెచ్చారు, ఖాసా కమారా హైదరాబాద్‌కు రెండోది. నాలుగో కిక్‌కు జీక్సన్ సింగ్ వస్తే అదీ కట్టిమణి చేతుల్లోకే. చివరగా అస్సాం ఆటగాడు హలిచరణ్ నర్జారీ బంతిని వలలో వేశారు. 3-1. ముగ్గురి కిక్‌లు ఆపిన కీపర్, కప్పు హైదరాబాద్‌కు.

ఆ రాత్రికి చెన్నేకొత్తపల్లి ఇంకా అనంతపురం జిల్లాలోనే ఉంది. రెండు వారాల తర్వాత, ఏప్రిల్ 4న, శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. మన దగ్గర పేపర్లలో, టీవీల్లో అప్పుడు జిల్లాల గొడవే ఎక్కువ. ఫుట్‌బాల్ కప్పు వార్త ఎంతమంది కంట పడి ఉంటుందో!

గెలిచింది కానీ.. ఎవరి ముందు?

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడ పనికొస్తుంది. హైదరాబాద్ జట్టు ఓడిన సీజన్‌ మాత్రమే హైదరాబాద్ జనం కళ్లారా చూశారు. ఐదో స్థానం వచ్చిన ఏడాది, కప్పు కొట్టిన ఏడాది.. ఒక్క మ్యాచ్ కూడా గచ్చిబౌలిలో జరగలేదు. రెండు సీజన్లూ గోవాలోనే. అంటే టికెట్ డబ్బు లేదు, జెర్సీలు అమ్ముకునే అవకాశం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, నాన్న చేయి పట్టుకుని స్టేడియానికి వచ్చే పిల్లాడు లేడు. ఇది అన్ని జట్లకూ జరిగిందే, నిజమే. కానీ కేరళకు, కోల్‌కతా జట్లకు అప్పటికే లక్షల అభిమానులు ఉన్నారు. రెండేళ్లు గోవాలో ఆడినా వాళ్లు ఎక్కడికీ పోరు. మూడేళ్ల పసి జట్టుకు ఆ నిల్వ ఎక్కడిది?

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ ఫైనల్‌లో మెరిసిన పేర్లు చూడండి. గోవా, అస్సాం, మణిపూర్, సిక్కిం, ఉత్తరప్రదేశ్, నైజీరియా, బ్రెజిల్. తెలుగు కుర్రాడి పేరు లేదు. ఒకప్పుడు ఇదే హైదరాబాద్ దేశానికి ఆటగాళ్లను ఇచ్చింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ కోచింగ్‌లోనే భారత్ 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం సాధించింది. అజయ్ దేవగన్ 'మైదాన్' సినిమా ఆయన కథే. ఆ వారసత్వానికీ కొత్త జట్టుకూ మధ్య వంతెన వేసే తీరిక ఎవరికీ దొరకలేదు.

డబ్బు ఎక్కడ ఆగిపోయింది?

2022-23లో ఎట్టకేలకు గచ్చిబౌలికి ఛాంపియన్లుగా తిరిగొచ్చారు. ఆట ఇంకా మెరుగైంది. 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం. సెమీస్‌లో మళ్లీ మోహన్ బగానే. రెండు లెగ్‌లూ 0-0, షూటౌట్‌లో 3-4తో ఓటమి. ఆట వరకు చూస్తే దేశంలో టాప్ రెండు మూడు జట్లలో ఒకటి.

కానీ లోపల పరిస్థితి వేరు. జీతాలు ఆలస్యం అవుతున్నాయన్న వార్తలు మొదలయ్యాయి. కోచ్ మార్కెజ్ 2023లో గోవాకు వెళ్లిపోయారు. ఆశిష్ రాయ్ అంతకుముందే మోహన్ బగాన్‌కు, ఆకాశ్ మిశ్రా ముంబైకి. ఒగ్‌బెచె కూడా వెళ్లిపోయారు. బకాయిల మీద ఫిర్యాదులు ఫిఫా దాకా పోయాయి. దాంతో కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా క్లబ్‌పై నిషేధం పడింది.

ఈ నిషేధం ఎలా పనిచేస్తుందో తెలిస్తే పతనం ఎందుకంత వేగంగా జరిగిందో అర్థమవుతుంది. ఆటగాడికి జీతం రాకపోతే కాంట్రాక్ట్ రద్దు చేసుకుని పోవచ్చు. పాత బాకీ తీర్చేదాకా క్లబ్ కొత్తవాళ్లను రిజిస్టర్ చేయలేదు. అంటే పోయేవాళ్లకు తలుపు తెరిచి ఉంటుంది, వచ్చేవాళ్లకు మూసి ఉంటుంది. ట్యాంకు కింద పైపు పగిలి, పైన నల్లా బంద్ చేసినట్టు.

2023-24 సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో చేతిలో మిగిలింది ఎక్కువగా అకాడమీ, రిజర్వ్ కుర్రాళ్లు. 22 మ్యాచ్‌లు.. ఒకే ఒక్క గెలుపు. అది కూడా చెన్నయిన్‌పై 1-0. మొత్తం 8 పాయింట్లు, అట్టడుగు. రెండేళ్ల కిందటి ఛాంపియన్ ఇది! అయినా ఆ కుర్రాళ్లు ప్రతి మ్యాచ్‌కూ దిగారు, చివరిదాకా ఆడారు. ఆ సీజన్‌ గురించి మాట్లాడేవాళ్లు ఈ ముక్క చెప్పడం మర్చిపోతుంటారు.

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. 2024-25లో జట్టు చివరి నుంచి రెండో స్థానం. ఆ తర్వాత లీగ్ హక్కుల వ్యవహారంలో ఫుట్‌బాల్ సమాఖ్యకు, నిర్వాహక సంస్థకు మధ్య ఒప్పందం కొలిక్కి రాలేదు. దాంతో ఐఎస్ఎల్ 2025లో మొదలే కాలేదు. ఆ అయోమయంలోనే అక్టోబర్‌లో వార్త వచ్చింది.. క్లబ్ ఢిల్లీకి మారుతోందని.

గచ్చిబౌలిలో డ్రమ్ములు కొట్టిన 'డెక్కన్ లీజియన్' అభిమాన బృందానికి ఇందులో ఓటు లేదు, మాట లేదు. కప్పు ఎవరిది ఇప్పుడు? రికార్డుల్లో 2021-22 ఛాంపియన్ హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఉంటుంది. క్లబ్ మాత్రం ఢిల్లీలో.

మూసిన తలుపుల లీగ్

ఇంత జరగడానికి యజమానుల డబ్బు ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. ఐఎస్ఎల్ నిర్మాణంలోనే చిక్కు ఉంది.

ప్రపంచంలో చాలా దేశాల్లో ఫుట్‌బాల్ లీగులు మెట్ల లాంటివి. కింది లీగ్‌లో గెలిస్తే పైకి, పై లీగ్‌లో అడుగున ఉంటే కిందికి. ఐఎస్ఎల్ అలా పుట్టలేదు. ఐపీఎల్‌లా ఫ్రాంచైజీ పద్ధతి. ఏటా కోట్ల రూపాయలు ఫీజు కట్టిన యజమాని ఉంటాడు, ఊరు అతను ఎంచుకున్నది. అందుకే 2023-24లో 8 పాయింట్లతో ఆఖరున నిలిచినా హైదరాబాద్ కింది లీగ్‌కు దిగలేదు. వినడానికి ఇది మంచిదే అనిపిస్తుంది. కానీ యజమాని చేతులెత్తేస్తే జట్టుకు ఊరితో ఉన్న ముడి అక్కడితో తెగిపోతుంది. సీటు అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు.

ఐపీఎల్‌కు టీవీ డబ్బు వరదలా వస్తుంది కాబట్టి ఫ్రాంచైజీ పద్ధతి నడుస్తుంది. ఫుట్‌బాల్‌కు ఆ డబ్బు లేదు. విదేశీ ఆటగాళ్ల జీతాలు, విమానాలు, హోటళ్లు, ఫీజు.. ఖర్చంతా పెద్ద లీగ్ స్థాయిలో, రాబడి చిన్న లీగ్ స్థాయిలో. మధ్యలో ఉన్న గుంతను ఏటా యజమాని జేబులోంచే పూడ్చాలి.

తమాషా చూడండి. అదే హైదరాబాద్‌లో ఇంకో జట్టు ఉంది. శ్రీనిధి డెక్కన్. విశాఖపట్నం పేరుతో మొదలై హైదరాబాద్‌లో స్థిరపడింది. ఐ-లీగ్ అనే రెండో లీగ్‌లో ఆడుతూ వచ్చింది. 2022-23 నుంచి ఐ-లీగ్ విజేతకు ఐఎస్ఎల్‌లో చోటు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ ఏడాది శ్రీనిధి రెండో స్థానం, రౌండ్‌గ్లాస్ పంజాబ్ పైకి వెళ్లింది. మరుసటి ఏడాది మళ్లీ శ్రీనిధి రెండో స్థానమే, మహమ్మదన్ స్పోర్టింగ్ పైకి వెళ్లింది. అంటే 2023-24లో ఒకే ఊళ్లో.. ఐఎస్ఎల్‌లో ఒక్క మ్యాచ్ గెలిచిన జట్టు పైనే ఉంది, కింది లీగ్‌లో దాదాపు గెలిచేసిన జట్టు కిందే ఉండిపోయింది. కిందికి దించే రూల్ కూడా ఉండి ఉంటే ఆ రెండిట్లో ఏది ఎక్కడ ఉండేదో ఊహించుకోండి.

పోలండ్‌లో ఇలాంటిదే జరిగితే ఏం చేశారు?

జీతాలు ఆగిపోవడం మన దగ్గరే జరుగుతుందనుకోవద్దు. పోలండ్ టాప్ లీగ్ పేరు ఎక్‌స్ట్రాక్లాసా. దాని 2018-19 సీజన్ చూస్తే కళ్లు తిరుగుతాయి. మనకు చిన్న చుట్టరికం కూడా ఉంది. ఆ సీజన్‌లో గూర్నిక్ జాబ్జె జట్టుకు 24 గోల్స్ కొట్టి టాప్ స్కోరర్ అయిన ఇగోర్ అంగులో తర్వాత గోవాకు వచ్చి 2020-21 ఐఎస్ఎల్‌లో 14 గోల్స్‌తో గోల్డెన్ బూట్ గెలిచారు. మరుసటి ఏడాది ఆ బూట్ ఒగ్‌బెచెకు దక్కింది.

ఆ సీజన్ మధ్యలో, 2018 డిసెంబర్‌లో, విస్వా క్రాకుఫ్ అనే క్లబ్ దివాలా అంచుకు వచ్చింది. చిన్న క్లబ్ కాదు, 13 సార్లు దేశ ఛాంపియన్. విదేశీ ఇన్వెస్టర్లు కొంటున్నామని వచ్చారు, డబ్బు మాత్రం రాలేదు. ఆటగాళ్లకు నెలల తరబడి జీతాల్లేవు. కొందరు కాంట్రాక్టులు తెంచుకున్నారు. జనవరిలో లైసెన్స్ కూడా సస్పెండ్ అయింది. అచ్చం హైదరాబాద్ కథలాగే ఉంది కదా?

ఇక్కడి నుంచి దారి వేరైంది. యాకుబ్ బ్వాష్చికోవ్‌స్కీ (పేరు పలకడం కష్టమే, వాళ్లంతా కూబా అంటారు) పోలండ్ జట్టుకు కెప్టెన్‌గా చేసిన స్టార్. కుర్రాడిగా ఆడింది విస్వాకే. ఆయన ఇంకో ఇద్దరితో కలిసి క్లబ్‌కు 40 లక్షల జ్లాటీలు అప్పు ఇచ్చారు. అంతటితో ఆగకుండా తనే వచ్చి నెలకు 500 జ్లాటీల నామమాత్రపు జీతానికి ఆడారు. ఆ తర్వాత 2019 ఫిబ్రవరిలో క్లబ్ షేర్లను జనానికి అమ్మకానికి పెట్టారు. ఒక్కోటి 100 జ్లాటీలు, అప్పటి లెక్కన మన డబ్బుల్లో పద్దెనిమిది, పంతొమ్మిది వందలు. 40 వేల షేర్లు ఒక్క రోజు గడవకముందే అయిపోయాయి. ఏడు కోట్ల రూపాయలకు పైనే. లైసెన్స్ తిరిగొచ్చింది. విస్వా ఆ సీజన్‌ను తొమ్మిదో స్థానంలో ముగించింది.

అదే సీజన్‌లో ఛాంపియన్ ఎవరో తెలుసా? పియాస్ట్ గ్లివిత్సే. అంతకుముందు ఏడాది చివరి మ్యాచ్ గెలిచి కింది లీగ్‌కు పడిపోకుండా తప్పించుకున్న జట్టు. తొలిసారి టైటిల్.

అక్కడంతా బంగారం అని కాదు. విస్వా 2022లో రెండో లీగ్‌కు పడిపోయింది. 2023-24లో పాయింట్లు సమానమైనా టైటిల్ చేజారి రన్నరప్‌గా నిలిచిన ష్లోన్స్క్ వ్రొత్స్వాఫ్ మరుసటి ఏడాదే కిందికి పోయింది. పతనం హైదరాబాద్‌ కన్నా ఏం తక్కువ కాదు. తేడా ఎక్కడంటే, ష్లోన్స్క్‌లో ప్రధాన వాటా వ్రొత్స్వాఫ్ నగరపాలక సంస్థది. జట్టు రెండో లీగ్‌లో ఆడినా అదే ఊళ్లో, అదే స్టేడియంలో ఆడుతుంది. విస్వా అయితే రెండో లీగ్‌లో ఉండగానే 2024లో పోలిష్ కప్ గెలిచింది. జట్టు పడిపోవచ్చు, ఊరు మారదు. మన దగ్గర అప్పుడు పడిపోవడానికి మెట్టు లేదు, ఊరు మాత్రం మారింది.

హైదరాబాద్‌లో విస్వా లాంటిది ఎందుకు జరగలేదు అంటే.. విస్వా 1906లో పుట్టిన క్లబ్. తాత, నాన్న, మనవడు ముగ్గురూ అదే జెర్సీ వేసుకుంటారు. వంద జ్లాటీలు తీసి ఇచ్చింది ఆ అనుబంధమే. హైదరాబాద్ జట్టు ఆరేళ్లలో రెండేళ్లు గోవాలో, మిగతా నాలుగేళ్లలో మూడేళ్లు పట్టిక అడుగున. ఇంకా ఒక తరం కూడా దాటలేదు. పైగా అభిమానులు షేర్లు కొనే దారి ఇక్కడ ఎవరూ తెరవలేదు, అడగనూ లేదు.

మరి మన వైపు పిల్లల సంగతి?

అనంతపురం ప్రాంతానికి ఫుట్‌బాల్ కొత్త కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ ఇక్కడ పెద్ద స్పోర్ట్స్ విలేజ్ కట్టింది. స్పెయిన్ లా లిగాతో కలిసి పల్లె పిల్లల కోసం అనంతపురం ఫుట్‌బాల్ లీగ్ నడిపింది. ఆడపిల్లలు కూడా అందులో ఆడారు. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగిన గ్రౌండ్ కూడా ఆర్డీటీదే. అంటే బంతి తన్నడం నేర్పే చోటు ఉంది. కింది మెట్టు ఉంది.

పై మెట్టు దగ్గరే సమస్య. సొంత రాష్ట్రాల్లో ఐఎస్ఎల్ జట్టు ఉంటే దాని అకాడమీ, అండర్-17, రిజర్వ్ జట్లు ఉంటాయి. సెలక్షన్ ట్రయల్స్ తెలుగులో జరుగుతాయి, పిల్లాడిని పంపాలంటే అమ్మానాన్నలకు ధైర్యం ఉంటుంది. 2023-24లో జీతాలు లేని హైదరాబాద్ జట్టులో చివరిదాకా ఆడింది రిజర్వ్ కుర్రాళ్లే అని పైన చూశాం. అలాంటి అవకాశం తెలుగు నేల మీద ఇప్పుడు శ్రీనిధి డెక్కన్ ఒక్కటే ఇస్తోంది, అదీ రెండో లీగ్‌లో.

చెన్నేకొత్తపల్లి నుంచి చూస్తే హైదరాబాద్ కన్నా బెంగళూరే దగ్గర. 44వ నంబర్ హైవే ఎక్కితే నేరుగా పోవచ్చు, లేదంటే ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా రైళ్లున్నాయి. బెంగళూరు ఎఫ్‌సీ కంఠీరవ స్టేడియంలో ఆడుతుంది. మ్యాచ్‌లు ఎక్కువగా రాత్రి ఏడున్నరకు మొదలవుతాయి, అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు తిరుగు రైలు టైమ్ ముందే చూసుకోండి.